తార్నాకలో నేను కప్పని శాలువా

శనివారం పొద్దున ఐదు నలభైకి ఏలూరు స్టేషన్లో బండెక్కాను. తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా ఉన్న రోజులవి. ఆ వారంలో రెండు రోజులు బస్సులు లేవు, ఒక రోజు రైళ్ళు ఆగాయి. అలాంటప్పుడు డెబ్బై రెండేళ్ళ మనిషిని హైదరాబాదు ఎందుకు బయల్దేరానంటే, ఒక సినిమా చూడటానికి. చూసి, అందులోంచి ఒక ఫోటో తీసేయించడానికి.

ఆ సినిమా సంగతి ముందే చెప్పాలి. నా చెల్లెలు విమల ఏలూరులో తన ఇంట్లోనే ఒక బుధవారం మధ్యాహ్నం హత్యకు గురైంది. ఇరవై నాలుగేళ్ళయింది. కిరసనాయిలు స్టవ్వులు బాగుచేస్తానని వీధుల్లో తిరిగే మనిషి బంగారు గాజుల కోసం చంపాడు. అంతకు ముందు రాజమండ్రిలో ఇంకొకామెను కూడా అలాగే చంపాడు. పేపర్లవాళ్ళు అతనికో ముద్దుపేరు పెట్టారు. అది ఇప్పటికీ జనానికి గుర్తుంది. చనిపోయిన ఆడవాళ్ళిద్దరి పేర్లు అడిగితే మాత్రం ఎవరూ చెప్పలేరు. అందుకని ఇక్కడ అతని అసలు పేరు గానీ, ఆ ముద్దుపేరు గానీ రాయను. యావజ్జీవ శిక్ష పడి, సత్ప్రవర్తన కింద విడుదలై, ఇప్పుడు బయటే ఉన్నాడు.

హైదరాబాదులో యూనివర్సిటీలో చదివే రజిత అనే అమ్మాయి అతని మీద డాక్యుమెంటరీ తీసింది. నాకు ఫోన్ చేసి, "మేడమ్, మీ చెల్లె సంగతి గూడ ఉన్నది. మీరొచ్చి చూడున్రి. నచ్చనిదేమన్న ఉంటే చెప్పున్రి, తీసేస్త" అంది. ఏముందని అడిగితే పోలీసు ఫోటో ఉందని చెప్పింది. వంటగది నేల మీద విమల పడివున్న ఫోటో. అప్పట్లో పేపర్లో వచ్చిందీ అదే. "మంచి ఫోటో ఇస్తే గదే పెడ్త" అని కూడా అంది. ఇంట్లో ఫోటోలు చాలా ఉన్నాయి. ఇవ్వలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తారని నా అనుమానం.

కూర్చునే బోగీలో టికెట్టు నూటపది రూపాయలు. పులిహోర, మంచినీళ్ళ సీసా ఇంటి నుంచే తెచ్చుకున్నాను. విజయవాడలో ఎక్కిన ఒక బ్యాంకు ఉద్యోగి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇరవై ఏళ్ళుగా ముషీరాబాద్‌లో ఉంటున్నాడట. యూనివర్సిటీకి వెళుతున్నానని చెప్పగానే గొంతు తగ్గించాడు.

"అక్కడ ఎక్కువ మాట్లాడకండి మేడమ్. మన యాస వింటే చాలు, పోల్చేస్తారు."

"పోల్చి ఏం చేస్తారండీ?"

"ఏమో, ఎవరికి తెలుసు? మా వీధిలో ఇంతవరకు ఎవరూ ఏమీ అనలేదనుకోండి."

ఖమ్మంలో ఎక్కినావిడ పక్క సీట్లోంచి ఇదంతా విని నవ్వింది. "ఇరవయ్యేండ్ల సంది గాడనే ఉండి గూడ సారుకు భయం పోలె. నిన్నేం తింటరమ్మా! ఈ వయసుల నమిలినా నమలరాదు."

బ్యాంకాయనకు కోపమొచ్చి కిటికీ వైపు తిరిగాడు. నాకు నవ్వొచ్చింది గానీ, ఆయన మాట మాత్రం మనసులో ఉండిపోయింది.

కాజీపేట దగ్గర బండి ముప్పావుగంట ఆగింది. సికింద్రాబాదు చేరేసరికి ఒకటి ఇరవై. అక్కడ ఐదు రూపాయల టికెట్టుతో లోకల్ రైలెక్కి సీతాఫల్‌మండిలో దిగాను. యూనివర్సిటీకి వెళ్ళేవాళ్ళకు అదే సులువు. మెట్లెక్కే ఓపిక మాత్రం ఉండాలి. రజిత ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉంది. సన్నగా, నూనె పెట్టి గట్టిగా అల్లిన జడతో, బడిపిల్లలా ఉంది. నా సంచీ అందుకుని, తడి చేతిరుమాలు ఒకటి చేతిలో పెట్టింది.

"దగ్గర పెట్టుకోన్రి మేడమ్. పోలీసోళ్ళు గ్యాస్ కొడితే కండ్లకు అద్దుకోవాలె."

రెండున్నరకు క్యాంపస్‌లో ఉన్నాం. రోడ్లు వెడల్పు, చెట్లు దట్టం. ప్రతి మలుపులోనూ పోలీసు వ్యాను ఉంది. గేటు దగ్గర ముళ్ళకంచె చుట్టలు పేర్చి ఉన్నాయి. మా ఏలూరు నుంచి ఇక్కడికొచ్చి చదువుకున్నవాళ్ళు ఇది చాలా ప్రశాంతమైన చోటు అనేవారు. క్యాంటీన్‌లో టీ తాగుతూ, విమలను చంపినవాడి మీదే సినిమా ఎందుకు తీశావని అడిగాను. రజిత సూటిగా చెప్పలేదు.

"గీ క్యాంపస్ చూడున్రి. మేము నెల దినాలు నిరాహారదీక్షల కూసున్నా కెమెరా రాలె. మొన్న బస్సు అద్దం పగిలింది, పది కెమెరాలు ఉరికొచ్చినయి. అద్దం పగులుతేనే వస్తరు మేడమ్."

"మరి నువ్వు? నువ్వు కూడా అద్దం పగలగొట్టినవాడి దగ్గరకే వెళ్ళావు కదా."

ఆ పిల్ల గ్లాసు కింద పెట్టి, "ఆయన మంచిగ మాట్లాడతడు మేడమ్" అంది. అంటూనే తను అన్నదేమిటో తనకే తెలిసినట్టుంది. తల దించుకుంది.

మూడు గంటలకు ఎక్కడో నినాదాలు, ఆ వెంటనే రెండు పేలుళ్ళు వినిపించాయి. కళ్ళలో కారం కొట్టినట్టయింది. చేతిరుమాలు ఊరికే ఇవ్వలేదన్నమాట. డిపార్ట్‌మెంట్ హాలుకు తాళం వేసేశారు. వాళ్ళ ప్రొఫెసర్ ఫోన్ చేసి, తార్నాకలో ఒక కాలనీ సంఘం హాలు దొరికింది, అందరూ అక్కడికి రండి అన్నాడట. ఆటోవాడు అరవై అడిగి యాభైకి ఒప్పుకున్నాడు.

ఆటోలో రజిత మెల్లగా అంది: "ఇంకో మాట మేడమ్. ఆయన గూడ వస్తున్నడు."

"ఎవరు?"

"ఆయనే. మా సారు పిలిచిండు. నాకు గూడ నిన్న రాత్రే ఎరుకైంది. చెప్తే మీరు రారని..."

ఆటో ఆపమన్నాను. డ్రైవరు అద్దంలోంచి చూశాడు. "గీడ దిగుతవా అమ్మా? గీడ దిగుడంటే లాఠీల నడుమ దిగుడే." ముందు వరసగా పోలీసులు నిలబడి ఉన్నారు. వెళ్ళనిమ్మన్నాను.

నాలుగు ముప్పావుకు సినిమా మొదలైంది. అరవై మంది దాకా ఉన్నారు, అందరూ పిల్లలే. గ్యాస్ కోసం క్యాంపస్‌కు వచ్చిన ఒక టీవీ కెమెరా ఇక్కడికీ వచ్చింది. స్టేజీ మీద మూడు కుర్చీలు, బల్ల మీద ప్లాస్టిక్ కవర్లో మడత విప్పని శాలువాలు ఉన్నాయి. నేను ముందు వరసలో కూర్చున్నాను. రజిత ప్రొజెక్టర్ చూసుకోవడానికి వెనక్కి వెళ్ళింది.

తెర మీద అతను నలభై నిమిషాలు మాట్లాడాడు. నిజమే, మంచిగా మాట్లాడతాడు. ఎక్కడ ఆగాలో తెలుసు. స్టవ్వుకు గాలి కొడుతూ చూపించాడు. విమల సంగతి వచ్చినప్పుడు గొంతు తగ్గించి ఇలా అన్నాడు: "అదో ఆదివారం అండి. మండుటెండ. ఆవిడ నా మొహం చూసి మజ్జిగ ఇచ్చింది. కరివేపాకు నలిపి వేసి ఇచ్చింది. తాగి గ్లాసు కింద పెట్టాను. అప్పుడు కనిపించాయి గాజులు."

హాల్లో పిల్లలు అయ్యో అన్నారు. ఆ వెంటనే ఫోటో వచ్చింది. నేను కిటికీ వైపు చూశాను.

కేసు నడిచినప్పుడు ప్రతి వాయిదాకూ బడికి సెలవు పెట్టి వెళ్ళాను. కోర్టులో అతను మజ్జిగ మాట ఎత్తలేదు. ఆదివారం కూడా కాదు. ఆదివారమైతే మేమిద్దరం చర్చిలో ఉండేవాళ్ళం, విమల బతికి ఉండేది.

దీపాలు వెలిగాక అతను పక్క తలుపులోంచి స్టేజీ ఎక్కాడు. తెల్ల బట్టలు, నెరిసిన గడ్డం. కోర్టులో చూసినప్పటికంటే కాస్త ఒళ్ళు చేశాడు. ప్రొఫెసర్ పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. కార్యక్రమం నడిపే కుర్రాడు మైకు తీసుకున్నాడు. నేనెవరో ఆ కుర్రాడికి తెలియదు. రజిత తీసుకొచ్చిన రిటైర్డ్ టీచరని మాత్రమే తెలుసు.

"దోస్తులారా, మనకు ఆంధ్ర ప్రజల మీద పగ ఉన్నదని టీవీలల్ల చెప్తున్నరు. మనది హక్కుల కొట్లాట, మనుషుల మీద పగ కాదు. గందుకే ఇయ్యాల మన ముఖ్య అతిథిని శాలువాతోని సన్మానించాలని, ఆంధ్ర నుంచి వచ్చిన మన పెద్దమ్మ ఎస్తేరు టీచర్ గారిని కోరుతున్నం!"

హాలంతా చప్పట్లు. పొద్దుటినుంచీ ఎవరైనా ఒక మాట అంటారేమోనని ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉన్నాను. ఇలా గౌరవిస్తారని అనుకోలేదు. వెనక నుంచి రజిత "అరే, వద్దురా!" అని అరవడం నాకు వినిపించింది. ఇంకెవరికీ వినిపించలేదు. ఒక అమ్మాయి నా మోచేయి పట్టుకుని లేపింది, ఇంకొక అమ్మాయి చేతుల్లో శాలువా పెట్టింది. నేను కూర్చుండిపోవచ్చు. ఎందుకు వెళ్ళానంటే, మైకు అక్కడే ఉంది.

అతను లేచి మెడ వంచాడు. నా చేతులకు అందేటంత, సరిగ్గా. అప్పటికింకా నన్ను గుర్తుపట్టలేదు.

మైకులో అడిగాను: "వంచిన తీరు చూస్తే ఇది మొదటి శాలువా కాదనిపిస్తోంది. ఎన్నోది?"

హాలు నవ్వింది. అతనూ నవ్వాడు. "లెక్క పెట్టుకోలేదండి. తొమ్మిదో, పదో. మీలాంటి పెద్దల దయ."

"కథలో మజ్జిగ ఎన్నో శాలువా దగ్గర కలిసింది?"

అతను తల ఎత్తి నా మొహం చూశాడు. ఇప్పుడు గుర్తుపట్టాడు. ఎంతైనా తేరుకోవడం తెలిసిన మనిషి. "కోర్టులో అడగలేదండి. అడిగినవాటికే జవాబు చెప్పమన్నాడు మా ప్లీడరు."

"ఆ రోజు ఆదివారం కాదు. బుధవారం."

"ఏదో ఒక రోజండి. పెద్దవాణ్ణయిపోయాను."

నేను హాలు వైపు తిరిగి, "నేను విమల అక్కను" అన్నాను. శాలువాను మడతలు చెడకుండా బల్ల మీద పెట్టి, "వాడలేదు. కొట్లో తిరిగిచ్చేయండి" అని దిగాను.

మైకు కుర్రాడు నా వెనకే వచ్చాడు. ఏడుపు మొహంతో, "అమ్మా, ఎరుకలేకుంట అయింది. మాఫ్ చెయ్యున్రి" అన్నాడు. "నువ్వు నన్ను గౌరవిద్దామనుకున్నావు బాబూ. తప్పు నీది కాదు" అన్నాను. రజితా నేనూ గుమ్మం దాటుతుండగా లోపల ఒకడు లేచి అతన్ని అడుగుతున్నాడు: "సార్, జైలుల మీ లైఫ్ ఎట్లుండె?" టీవీ కెమెరా కూడా అటే తిరిగింది. విమల ఎలా ఉండేదని ఒక్కరూ అడగలేదు.

ఆ రాత్రి బస బౌద్ధనగర్‌లో, రజిత ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఉండే గదిలో. అన్నంలోకి పచ్చిపులుసు చేశారు. చింతపండు నీళ్ళు కాచనే లేదు.

"కాచకుండా పులుసేమిటమ్మా?"

"కాగబెడితే గది పచ్చిపులుసెట్లయితది మేడమ్? తిని చూడున్రి."

రెండోసారి వేసుకున్నాను. భోజనాలయ్యాక రజిత నా ముందే లాప్‌టాప్ తెరిచి ఆ ఫోటో తీసేసింది. తీసినచోట మళ్ళీ నడిపి చూపించమన్నాను. చూపించింది. ఇంకెక్కడైనా దాచుకున్నావా అని అడిగాను. ఇంకోచోట ఉన్నది కూడా తీసేసింది. నేను వచ్చిన పని అయిపోయింది.

కానీ ఆదివారం పొద్దున సికింద్రాబాదు స్టేషన్లో, బండి కదలడానికి పది నిమిషాల ముందు, కిటికీ ఊచలు పట్టుకుని ఆ పిల్ల అడిగింది: "మేడమ్, ఫోటో తీసినంక సినిమాల మీ చెల్లె ఆ మజ్జిగ కాడనే ఉన్నది. ఇంక యాడ లేదు. గది ఉంచాల్నా, తియ్యాల్నా? మీరెట్లంటే అట్ల."

ఫోన్ చేస్తానని చెప్పాను.

బండి ఏడున్నరకు కదిలింది. జనం పెద్దగా లేరు. పక్క సీటాయన యూనివర్సిటీ దగ్గర గొడవ చూశారా అని అడిగాడు. గ్యాస్ చూశాను, పచ్చిపులుసు తిన్నాను, నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు అని చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు.

కాజీపేటలో మజ్జిగ ప్యాకెట్లు అమ్మే మనిషి ఎక్కాడు. ఐదు రూపాయలు పెట్టి ఒకటి కొన్నాను గానీ తాగలేకపోయాను. విమల మజ్జిగ ఇచ్చే మనిషే. పోస్టుమాన్‌కు ఇచ్చేది, చాకలామెకు ఇచ్చేది. కరివేపాకు నలిపే వేసేది. అతను చెప్పింది నిజమే కావచ్చు. ఆ వీధిలో ఎవరి దగ్గరో విని కలిపిందీ కావచ్చు. తేల్చి చెప్పగలిగిన మనిషి అతనొక్కడే. ఇరవై నాలుగేళ్ళుగా విమల అనుకోగానే నాకు చర్చి మెట్ల మీద చెప్పులు వెతుక్కునే విమల కనిపించేది. నిన్న సాయంత్రం నుంచి మజ్జిగ గ్లాసు అందిస్తూ కనిపిస్తోంది. అందుకునే చెయ్యి కూడా కనిపిస్తోంది. గాజులు తీసుకుపోయినవాడు ఇప్పుడు నా కళ్ళ ముందు ఇదొకటి పెట్టి వెళ్ళాడు. తీసేద్దామన్నా నా దగ్గర లాప్‌టాప్ లేదు.

ఖమ్మం దాటాక రజితకు ఫోన్ చేశాను.

"మజ్జిగ తీసెయ్యి."

"తీస్తే ఇంక ఆమె అస్సలే ఉండది మేడమ్."

"ఉంటుంది. విమల మజ్జిగ తాగినవాళ్ళు మా వీధిలో ఇంకా బతికే ఉన్నారు. వాళ్ళు చెప్తారు, నేను చెప్తాను. కెమెరా పట్టుకుని ఏలూరు రా. ఫోటోలు చూపిస్తాను. ఇచ్చేదీ లేనిదీ అప్పుడు చూద్దాం."



"వస్త మేడమ్. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్త," అంది రజిత. "బుధవారం మాత్రం రాను."