ఇంటిపేరు కింద ఒత్తు

హుజూర్‌నగర్ బజార్ల నా అంత బేరగాడు లేడని నేనే చెప్పుకోవాలె, ఇంకొకరు చెప్పరు. పత్తి విత్తనాల కాడ, బట్టల కాడ, ఆఖరికి దవాఖాన గది కిరాయి కాడ గూడ తగ్గించిన మనిషిని. బేరం అందరూ చేస్తరు. సొంత నాయిన సమాధి రాయి మీది అక్షరాలకు బేరం చేసి, ఇంటిపేర్ల నుంచి ఒక ఒత్తు తీసేయించి పైసలు మిగిలించినోడు మాత్రం, నాకు తెలిసి, నేనొక్కడినే.

ఆ ఒత్తు సంగతి తెలియాలంటే ఇంటిపేరు సంగతి చెప్పాలె. పేరు మాత్రం ఇక్కడ రాయను. అది ఉన్నోళ్ళు ఎంత తక్కువంటే, రాస్తే ఇల్లు చూపించినట్టే. అది ఇటలీ దేశపు పేరు. తెలుగుల రాస్తే నాలుగక్షరాలు, మూడో అక్షరం కింద ఒత్తు.

మా తాతది కృష్ణ ఒడ్డు పల్లె. గత్తర రోగంల తల్లీ తండ్రీ పోతే దొర గొడ్లు కాసుకుంట పెరిగిండు. ఊరవతలి గుడిసెలకు మోటారు సైకిలు మీద ఒక తెల్ల ఫాదర్ వచ్చేటోడు. తాతకు బాప్తిస్మం ఇచ్చేటప్పుడు ఇంటిపేరు అడిగిండట. "ఇల్లే లేదయ్యా, ఇంటిపేరు యాడిది" అన్నడట తాత.  ఫాదర్ తన ఇంటిపేరే రాసిండట.

జాలిపడి ఇచ్చిండని చాలా ఏండ్లు అనుకున్న. కాదట. ఆ ఫాదర్‌ను గూడ పసిగుడ్డుగా ఉన్నప్పుడు అనాథల ఇంటి గడప మీద ఎవరో వదిలిపోయినరు. అట్లాంటి పిల్లలకు ఆడ ఒక గుమాస్తా ఇంటిపేరు పెట్టేటోడు. ఆ దిక్కున ఊరూరా ఉండే మామూలు పేరే ఈయనకూ పెట్టిండు. కాని నడుమ ఒక అక్షరం రెండుసార్లు పడ్డది. కావాలని రాసిండో, చెయ్యి జారిందో ఎవరికీ తెలియదు. "ఆ అక్షరం ఒకసారి రాస్తే ఊరంతమంది. రెండుసార్లు రాస్తే నేనొక్కడినే" అనేటోడట ఫాదర్. పెండ్లి లేదు, పిల్లలు లేరు. తను పోతే పేరు గూడ పోవాలె. దాన్ని తెచ్చి నల్లగొండ జిల్లాల గొడ్లు కాసేటోనికి ఇచ్చిపోయిండు. రెండుసార్లు రాసే ఆ అక్షరం తెలుగుల ఒత్తయింది.

తాతకు ఆయన నేర్పిన చదువు గూడ అంతే. తన పేరు రాయరాదు, ఇంటిపేరు మాత్రం రాసేటోడు, ఒత్తుతో సహా. అదే సంతకం.

నాయిన సేట్ల దుకాణాలల్ల పొట్లాలు కట్టుకుంట పెరిగి సొంతంగ కిరాణం పెట్టిండు. మా దిక్కు కొత్తోన్ని ఇంటిపేరు అడిగేది ఇంటిపేరు కోసం కాదు. అది చెప్తే కులం తెలుస్తది, కులం తెలిస్తే ఎక్కడ కూసోపెట్టాల్నో తెలుస్తది. నాయిన దుకాణానికి మల్గి కిరాయికి అడగపోతే ఇల్లుగలాయన అదే అడిగిండట. నాయిన చెప్పిండు. ఆయనకు ఏ లెక్కల పెట్టాల్నో తెలియలే. "ఏ దిక్కోళ్ళు మీరు?" అన్నడట. "మస్తు దూరం నుంచి వచ్చింది మా పేరు" అన్నడట నాయిన. ఎవరో మార్వాడీల తీరు అనుకొని మల్గి ఇచ్చిండు. అసలు సంగతి తెలిసేసరికి నాయిన ఏడాది కిరాయి ముందే కట్టి ఉన్నడు.

అందుకేనేమో, ఆ పేరును నాయిన తాళంచెవి లెక్క దాచుకునేటోడు. కరెంటు బిల్లుల ఒత్తు లేకపోతే ఆఫీసుకు పోయి కూసునేటోడు. ఎవరన్న పెండ్లి పత్రిక మీద ఒత్తు లేకుండ రాసిస్తే, పెన్నుతోటి కింద ఒత్తు పెట్టి, అప్పుడు చేతిలకు తీసుకునేటోడు. బజార్ల ఆయనకు 'ఒత్తాయన' అని పేరుపడ్డది. ఎదురు దుకాణం సేటు గిరాకీలకు చెప్పేటోడు: "దీపానికి ఒత్తులు నా దగ్గర, పేరుకు ఒత్తు ఆయన దగ్గర. ఏది కావాలె మీకు?"

నాకు గూడ తమాషాగనే ఉండె. ఆ పేరున్నోళ్ళం మిగిలింది ముగ్గురమే. నాయిన, నాయిన అక్క, నేను. అమ్మ ఎప్పుడో పోయింది. మా మేనత్త పెండ్లి చేసుకోక మిషన్ హాస్టల్ల పిల్లలకు వండిపెట్టుకుంట బతికింది. ఇగ నేను, పెండ్లి సంబంధాల కాడ గూడ బేరం చేసి చేసి ఒంటిగ మిగిలిన. "లోకంల ఇంత తక్కువ సరుకున్నప్పుడు దీనికి ధర రావాలె గద నాయినా" అన్న ఒకనాడు.

"సరుకు తక్కువైతే ధర రాదుర" అన్నడు త్రాసు తుడుచుకుంట. "అడిగేటోడుంటే వస్తది."

తెలంగాణ వచ్చిన కొన్నేండ్లకు నాయిన కిడ్నీలు పాడైనయి. దవాఖానల ఒక మధ్యాహ్నం నన్ను దగ్గరికి పిలిచిండు. దుకాణం సంగతో, బాకీల సంగతో చెప్తడనుకున్న. "నీ తర్వాత ఈ పేరుతోటి పిలిచేటందుకు మనిషుండడు. రాయి మీదనన్న సక్కగ ఉండాలె. ఒత్తు మరువకు" అన్నడు. తలూపిన.

పేర్లు చెక్కే మేస్త్రి షెడ్డు కోదాడ రోడ్డు మీద ఉంటది. కొత్త జిల్లాలు అయినంక ఆయనకు చేతినిండ పని. ఎక్కడ చూసినా శంకుస్థాపనలు, ప్రారంభాలు. షెడ్డు నిండ నల్లరాళ్ళు, వాటి మీద లీడర్ల పేర్లు. నాయిన పోయినంక రాయి కోసం నేను పోయేసరికి ఏదో వాటర్ ట్యాంకుకు పెట్టే రాయి మీద వంగి ఉన్నడు.

"అక్షరానికి ఒక రేటు, ఒత్తుకు సగం" అన్నడు తల ఎత్తకుండనే.

"ఒత్తు అక్షరమెట్లయితది మేస్త్రీ? ఇంట్లున్నోడు ఇంటిపన్ను కట్టినంక, కింద అరుగు మీద కూసున్నోనికి గూడ పన్నేస్తరా?"

"ఉలికి అవన్ని తెల్వదు సేటు. రాయిల దిగిన కాడల్ల పైసలే."

"లీడర్ల కాడ గూడ గిట్లనే తీసుకుంటున్నవా?"

"లీడర్లు ఒత్తులు లెక్కపెట్టరు. పైసలు కట్టేది కాంట్రాక్టరు గద."

అప్పటికే చిన్న రాయి ఏరిన, వరుసలు దగ్గర దగ్గర కొట్టమన్న. అక్షరం రేటు గూడ జర దించిన. ఒత్తు ఒక్కటే మిగిలింది. బజార్ల పెరిగినోళ్ళకు ఒక ఎత్తు తెలుసు: సరుకు వద్దని లేచి నడవాలె, మెట్లు దిగేలోపల వాడే వెనక్కి పిలుస్తడు. "అయితే ఇంటిపేర్ల ఒత్తు వద్దు, తీసెయ్" అని లేచిన. తీసేయడానికి అనలేదు ఆ మాట. 'రా సేటు, ఒత్తు ఊరికే కొడత' అంటడని అన్న.

"సరే" అన్నడు మేస్త్రి. రాయి మీద సుద్దముక్కతోటి రాసుకున్న పేరు కింద ఒత్తును బొటనవేలితోటి తుడిచిండు. "పేరు మారదా సేటు?"

అప్పుడు 'ఆగు' అంటే అయిపోయేది. వద్దన్న నోటితోటి మళ్ళ కావాలంటే బేరం ఓడినట్టు. నాయినకిచ్చిన మాట ఎటన్న పోనీ, మేస్త్రి ముంగట నా మాట పోవద్దు. "మారితే మాత్రం అడిగేటోడెవడు" అన్న.

అడిగే మనిషి ఒక్కతే ఉన్నది, మేనత్త. షుగరుతోటి ఆమెకు చూపు పోయింది. ఆ లెక్క గూడ చూసుకున్న.

నవంబర్ల సమాధుల పండుగొచ్చింది. మా వాళ్ళంత సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు ముట్టిస్తరు. అత్త వస్తనంటే ఆటోల తీసుకపోయిన. రాయి పక్కన కూసొని కొంగుతోటి దుమ్ము తుడిచింది. తర్వాత చూపుడు వేలు పేరు మీద పెట్టింది. హాస్టల్ల పిల్లలు పలకల మీద దిద్దినట్టు, ఒక్కొక్క అక్షరం తడుముకుంట పోయింది. మూడో అక్షరం కాడ వేలు ఆగింది. కిందికి పోయింది. కింద ఏం దొరకలే. మళ్ళ మీదికొచ్చింది, మళ్ళ కిందికి పోయింది.

"ఇదెవరి రాయిర?" అన్నది.

"నాయినదే అత్తా."

"మీ నాయినకు ఒత్తుండె గద."

"చెక్కేటోడు మరిచిండేమో."

"వాడు మరిచిండా, నువ్వు బేరం చేసినవా?"

నేను కొవ్వొత్తి ఆరిపోతాందని అటు తిరిగిన. పక్క సమాధుల కాడ పిల్లలు చక్కెర పేలాలు పంచుకుంటున్నరు.

"చిన్నగున్నప్పుడు పెన్సిలు కొనిస్తే, రబ్బరు ఊరికే ఇయ్యమని దుకాణపాయన తోటి కొట్లాడినవు" అన్నది అత్త. "మీ నాయిన నేను ఎంత నవ్వుకున్నమో. నవ్వకపోయేది ఉండె."

లేపి నిలబెడుతుంటే నా చెయ్యి పట్టుకొని అన్నది: "ఇది మనోళ్ళ పేరు కాదుర. ఫాదర్ చెప్పేటోడు, ఒత్తు లేకపోతే అది ఊరందరి పేరు. నేనున్నప్పుడే సక్క చేయించు. నాకు కండ్లు లేవు గాని చేతులున్నయి. నేను తడిమి చూస్త. నువ్వు చెప్తే మాత్రం నమ్మ."

మరునాడే మేస్త్రి కాడికి పోయిన. ఒత్తు కొట్టాలంటే కింద జాగా లేదన్నడు. "వరుసలు దగ్గరకు కొట్టమన్నది నువ్వే గద సేటు. ఇప్పుడు కొడితే కింది వరుస పగులుతది. కొత్త రాయే కావాలె." రేటు అడిగిన. మొన్నటికి రెండింతలు చెప్పిండు. "ఎలక్షన్లు ముంగటున్నయి. ఊరూరికి రాళ్ళు లేస్తున్నయి. నాకు నిద్ర లేదు."

ఇక్కడ నా తెలివి మళ్ళ పనిచేసింది. ఎలక్షన్ కోడ్ పడితే శంకుస్థాపనలు బంద్. షెడ్డుల మేస్త్రి ఈగలు తోలుకుంట కూసుంటడు. అప్పుడు పోతే సగం ధరకే పెద్ద రాయి వస్తది. అత్తతోటి అదే చెప్పిన. "కోడ్ వచ్చేదాక ఆగుదాం."

"ఏం కోడ్‌ర అది?"

"ఎలక్షన్ కోడ్. అది వస్తే కొత్త పనులు చేయొద్దు."

"అది నాకే ముందుగాల వస్తదేమో" అన్నది.

ప్రతి ఆదివారం చర్చిల పూజ అయినంక అత్త ఉండే హాస్టల్ కాడికి పోయేటోన్ని. నా చెప్పుల చప్పుడు వినంగనే అడిగేది, "వచ్చిందా కోడ్?" ఇంకా రాలేదత్తా అనేటోన్ని. "మంచిగుంది" అనేది. ఇద్దరం నవ్వేటోళ్ళం. వానల్ల జ్వరమొచ్చింది ఆమెకు. నల్లగొండ తీసుకపోదామంటే, "ఊకో, రెండొద్దులల్ల తగ్గుతది" అన్నది. తగ్గలే. దవాఖానల ఉన్నన్ని దినాలు ఆమె రాయి సంగతి అడగలే. నేనూ తీయలే. ఆఖరి పొద్దున నా అరచేతిల వేలుతోటి ఏదో గీసింది. అక్షరమో, ఊరికే గీసిందో నాకు తెలియలే. అడిగితే చెప్పేటంత తెలివి ఆమెకు లేదప్పటికి.

నాయిన పక్కనే పెట్టినం. ఆ తర్వాత కోడ్ వచ్చింది.

మేస్త్రి షెడ్డు నేననుకున్నట్టే ఉండె. లీడర్ల పేర్లున్న రాళ్ళ మీద గోనెపట్టాలు కప్పి ఉన్నయి. మేస్త్రి బీడీ తాక్కుంట కూసున్నడు.

"రెండు రాళ్ళు కావాలె" అన్న. "పెద్దవి. వరుసకు వరుసకు నడుమ జాగా ఇడువు. నువ్వెంతంటే అంత."

నా మొఖం దిక్కు చూసిండు. "ఇంకెవరు పోయిండ్రు సేటు?"

చెప్పిన.

బీడీ కింద రుద్ది లేచిండు. లెక్క కట్టి చెప్పిండు, కోడ్ రేటే. "ఒత్తులకు పైసలొద్దు. ఊరికే కొడత" అన్నడు.

"తీసుకో మేస్త్రీ."

"వద్దు సేటు."

"సగం గాదు, పూరా అక్షరం రేటే వేసుకో."

"వద్దంటున్న గద."

నా బతుకుల ధర పెంచమని బేరం చేసింది అదొక్కసారే. అదీ ఓడిపోయిన.

రాళ్ళు నిలబెట్టిన రోజు మేస్త్రి పోయినంక కండ్లు మూసుకొని వేలు పెట్టి చూసిన. చింతపండు ఎన్ని తులాలో చేతిల పట్టుకొని చెప్పే వేళ్ళు ఇవి. అక్షరమేదో, గీతేదో, రాయి గరుకేదో ఒక్కటి గూడ తెలియలే. మళ్ళ కండ్లు తెరవాల్సి వచ్చింది.

ఇగ లెక్క. మొదటి రాయి దండుగ. ఒత్తు తీసేసి మిగిలించిన పైసలు ఆ రోజే మేస్త్రికి, నాకు చాయలకు, మిర్చీలకు అయిపోయినయి. కొత్త రాళ్ళు రెండు, అనుకున్నదాని కంటే తక్కువకే వచ్చినయి. ఒత్తులు రెండూ ఊరికే. మొదట నేను కోరిన బేరం అదే, చివరికి అదే కుదిరింది. రెండు రాళ్ళ మీద పేరు సక్కగనే ఉన్నది, నేను రెండు కండ్లతోటి చూసిన. నువ్వు చెప్తే నమ్మనన్నది అత్త.