ఎడారి గుడారం, మా అత్తయ్య స్నానం

మా ఆయనకు ప్రకృతి మీద ప్రేమ పుట్టింది ఆఫీసులో ఒక వెల్‌నెస్ వెబినార్ చూశాక. అంతకుముందు ఆయన దృష్టిలో ప్రకృతి అంటే అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా ఇంటి వెనకాల ఉన్న గడ్డి, దాన్ని కోయకపోతే కాలనీ వాళ్లు పంపే హెచ్చరిక. ఆ వెబినార్‌లో ఎవరో, ఏడాదికి ఒకసారైనా స్క్రీన్లన్నీ ఆపేసి ఆకాశం కింద పడుకోవాలని చెప్పారట. వినగానే ఈయన ల్యాప్‌టాప్ ఒకటీ ట్యాబ్ ఒకటీ ముందేసుకుని, ఆకాశం కింద ఎక్కడ పడుకోవచ్చో వెతకడం మొదలుపెట్టారు.

అప్పటికి మా అత్తయ్య వచ్చి కొన్ని నెలలైంది. డెబ్బై దాటిన మనిషి. తెనాలి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. కారు నడపడం రాని మనిషికి ప్లేనోలో చేయడానికి ఏముంటుంది? పొద్దున్నే మా వీధి చివరిదాకా నడిచి వెనక్కి వచ్చేవారు. దారిలో మనుషులు కనిపించరు, కార్లలోంచి చేతులు మాత్రం కనిపిస్తాయి. "ఈ ఊళ్లో అందరూ నాకు టాటా చెప్పేవాళ్లే గానీ పలకరించేవాళ్లు లేరమ్మాయ్" అని ఒకరోజు అన్నారు.

అందుకని సాయంత్రాలు కొడుకు పక్కన కూర్చుని ఆయన వెతుకులాట చూడటం ఆవిడకు కాలక్షేపమైంది. గ్లాంపింగ్ అంటే ఏమిటో కొడుకు ఆవిడకు చాలా సేపు వివరించారు. నేను క్లుప్తంగా చెప్పాను: క్యాంపింగ్‌లో కష్టాలన్నీ తీసేసి, దోమల్ని మాత్రం ఉంచి, గుడారంలో డబుల్ కాట్ వేస్తే అది గ్లాంపింగ్.

మా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. తప్పులు పట్టడం ఆయన జీవనాధారం. కాబట్టి రివ్యూలన్నీ చదివేవారు. ఒకచోట బాత్‌రూమ్ దూరమని కొట్టేశారు. ఒకచోట "వన్యప్రాణుల పలకరింపు" అని రాశారు, ఏ ప్రాణో చెప్పలేదని కొట్టేశారు. ఇంకోచోట ఎవరో "నక్షత్రాలు నాతో మాట్లాడాయి" అని రాశారు. వాళ్లేం తాగారో రాయలేదని దాన్నీ కొట్టేశారు. చివరికి పశ్చిమ టెక్సస్ ఎడారిలో ఒక తెల్లటి గుడారం దొరికింది. లోపల గాజు దీపాల షాండ్లియర్. వెనకాల ఆరుబయట, నాలుగు ఇనుప కాళ్ల మీద నిలబడ్డ పాతకాలం నాటి స్నానాల తొట్టి. అందులో టోపీ పెట్టుకున్న ఒకావిడ మెడదాకా నీళ్లలో కూర్చుని కొండలకేసి చూస్తోంది.

అత్తయ్య కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగారు.

"బయటే స్నానమా?"

"అవునమ్మా. ఊరికే, ఫోటో కోసం."

"చుట్టుపక్కల ఎవరూ ఉండరా?"

"ఎడారి కదా."

ఆవిడ ఆ ఫోటో వంక కాసేపు చూశారు. "అయితే ఇదే బుక్ చెయ్యి" అన్నారు.

మా ఆయన వంటింట్లోకి వచ్చి, అమ్మ బయట స్నానం చేస్తానంటోందని నాకు రహస్యంగా ఫిర్యాదు చేశారు. చేయనివ్వండి, ఎడారిలో కుందేళ్లు తప్ప చూసేదెవరని అన్నాను. ఆయన ముఖం చూస్తే కుందేళ్ల గురించి కూడా బెంగగానే ఉన్నట్టు కనిపించింది.

బయల్దేరే ముందురోజు నేను పులిహోర కలిపాను. అత్తయ్య కొత్త తువ్వాలు, డబ్బాలో సున్నిపిండి సర్దుకున్నారు. ఎప్పుడూ ఏ ప్రయాణానికీ ఆవిడ అంత హుషారుగా సర్దుకోవడం నేను చూడలేదు.

తెల్లవారుజామున బయల్దేరాం. ఊళ్లు పల్చబడ్డాయి, చెట్లు పొట్టివయ్యాయి, తరవాత చెట్లు పోయి గాలిమరలు వచ్చాయి, అవి కూడా పోయి చమురు తోడే యంత్రాలు వచ్చాయి. ప్రతి మజిలీలోనూ అత్తయ్య, ఇంకా ఇదే రాష్ట్రమా అని అడిగేవారు. ఇదేనని చెప్పేవాళ్లం. సాయంత్రం అయ్యేసరికి ఆవిడ మమ్మల్ని నమ్మడం మానేశారు.

గుడారం నిజంగానే తెల్లగా ఉంది. అయితే ఫోటో తీసినవాళ్లు ఎటు నిలబడి తీశారో అక్కడికి వెళ్లాకే అర్థమైంది. వాళ్ల వీపు వెనకాల హైవే ఉంది. యజమానురాలు అరవై ఏళ్ల మనిషి, తోలు బూట్లు, పెద్ద టోపీ. ఏదో మహానగరంలో ఉద్యోగం వదిలేసి ఇక్కడ స్థిరపడిందట. "ఈ నిశ్శబ్దం వినండి" అని చేయి చాపింది. పద్దెనిమిది చక్రాల లారీ ఒకటి వెళ్లేదాకా ఆగి, మళ్లీ అదే మాట చెప్పింది.

అత్తయ్య ఆ మాటలు వినడం లేదు. తువ్వాలు భుజాన వేసుకుని, సున్నిపిండి డబ్బా చేత పట్టుకుని నేరుగా వెనక్కి నడిచారు. మేం వెళ్లేసరికి తొట్టి అంచు మీద చేయి వేసి నిలబడి ఉన్నారు. తొట్టి అడుగున ఎండుటాకులు, వాటి మీద ఒక బల్లి. వానల్లేక బావి అడుగంటిందనీ, ఈ సీజన్‌కి తొట్టి మూసేశామనీ యజమానురాలు చెప్పింది. మరి ఫోటో పెట్టారు కదా అని మా ఆయన అడిగారు. అది వానలు పడ్డ ఏడాది తీసిన ఫోటో అని, అందులో దాచడానికేముందన్నట్టు జవాబిచ్చింది.

నేను అత్తయ్యకు తెలుగులో చెప్పబోయాను. ఆవిడకు అర్థమైపోయింది.

"పర్లేదులే. మనకంటే ముందు వీడు బుక్ చేసుకున్నాడు" అని బల్లిని చూపించారు.

నవ్వుతూనే అన్నారు. కానీ సున్నిపిండి డబ్బా మళ్లీ సంచిలో అడుగున పెట్టడం నేను చూశాను.

పొద్దు వాలాక గాలి మొదలైంది. మొదట షాండ్లియర్ ఊగింది. తరవాత పులిహోరలోకి ఇసక వచ్చింది. ఆ తరవాత గుడారం మొత్తం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉబ్బుతూ అణుగుతూ ఉంది. మా ఆయన మధ్య గుంజను రెండు చేతులా వాటేసుకున్నారు, ధ్వజస్తంభాన్ని కౌగిలించుకున్న భక్తుడిలాగా. యజమానురాలు టార్చ్ పట్టుకుని వచ్చి, ఆ గుంజ అప్పుడప్పుడూ అలా చేస్తుందని, కార్లోకి వెళ్లిపోవడం మంచిదని సలహా ఇచ్చింది. మేం కార్లోకి చేరిన కాసేపటికే గుడారం ఒక పక్కకి ఒరిగి, అలసిపోయిన ఏనుగులా కూర్చుండిపోయింది. ఆ రాత్రి సీట్లు వాల్చుకుని పడుకున్నాం. దాని గురించి చెప్పుకోవడానికి మా ఆయన గురక తప్ప ఏమీ లేదు.

పొద్దున్నే దగ్గర్లోని చిన్న ఊళ్లో కాఫీ తాగుతూ ఆయన, ప్రకృతి చాలు, ఇంటికి వెళ్లిపోదామన్నారు. నడుం పట్టేసిందట. జుట్టులోంచి ఇసక దులుపుకుంటూ అత్తయ్య కాఫీ పూర్తి చేశారు.

"ఇంత దూరం వచ్చి ఇసక తిని వెళ్లామని మీ చెల్లెలికి చెప్పాలా? ఇంకోటి వెతకండి."

ఈసారి ఫోన్ నేను తీసుకున్నాను. గంట దూరంలో, కొండల కింద, ప్రభుత్వం నడిపే క్యాంప్‌గ్రౌండ్ ఒకటి కనిపించింది. ఎవరో క్యాన్సిల్ చేసుకోవడంతో ఒక్క చోటు ఖాళీ. ఫోటోలో సిమెంటు బల్ల ఒకటి, దాని మీద రేకు కప్పు. ఊటనీళ్ల కొలను ఉంది అని ఒక ముక్క రాశారు. రివ్యూలు చదివావా అని మా ఆయన అడిగేలోపే బుక్ చేసేశాను. గుడారం కొందామని హార్డ్‌వేర్ షాపుకు వెళితే పిల్లల గుడారం ఒక్కటే మిగిలింది, ఆకుపచ్చది, దాని నిండా డైనోసార్ బొమ్మలు. ఇద్దరు పెద్దవాళ్లు కాళ్లు ముడుచుకుంటే సరిపోతుంది. మూడోవాళ్లకు కారు ఉండనే ఉంది. ఆ మూడోవాళ్లు ఎవరో అప్పటికే తీర్మానమైపోయింది, గురక పెట్టేవాళ్లని.

క్యాంప్‌గ్రౌండ్‌లో అలంకారాలేమీ లేవు. బల్ల, కుళాయి, బొగ్గుల పొయ్యి. చుట్టూ ఇళ్లలాంటి బస్సులు, వాటి ముందు మడత కుర్చీల్లో రిటైరైన జనం. ఇక్కడ మాత్రం పలకరించనివాళ్లు లేరు. మా డైనోసార్లను చూసి మనవలు ఎక్కడని అడిగారు. లేరు, ఇది మాకే అని అత్తయ్య ఇంగ్లీషులోనే చెప్పారు.

అప్పుడే అటుగా ఒకావిడ వెళ్లింది. ఒళ్లంతా ముడతలు, పెద్ద పెద్ద ఎర్ర పువ్వుల స్విమ్ సూట్, మెడలో తువ్వాలు. దారిన పోతూ హలో అంది. అత్తయ్య ఆవిడ వెళ్లిన వైపే చూస్తూ, "నాకంటే పెద్దావిడే కదూ" అన్నారు. తరవాత నా వైపు తిరిగి, తడిసినా పర్లేని బట్టలు ఏమైనా ఉన్నాయా అని అడిగారు.

నా నల్ల లెగ్గింగ్స్, మా ఆయన ఏదో ఫైవ్-కే పరుగులో పాల్గొన్నందుకు ఇచ్చిన టీషర్టు ఇచ్చాను. ఆవిడను చీరలో తప్ప చూడని ఆయన, ఒక్క క్షణం ఎవరో కొత్తవాళ్లనుకుని పక్కకు తప్పుకున్నారు.

కొలను దగ్గరికి వెళ్లాక ముగ్గురం గట్టు మీంచి వంగి చూశాం. అంత ఎండలో, అన్ని ముళ్ల పొదల మధ్య, అడుగున రాళ్లు కనిపించేంత స్వచ్ఛమైన నీళ్లు. చిన్న చిన్న చేపలు గుంపులుగా తిరుగుతున్నాయి. మా ఆయన లోతు ఎంతో రాసిన బోర్డు చదివి, అమ్మను మెట్ల మీద కూర్చుని కాళ్లు తడుపుకోమన్నారు. ఆవిడ జుట్టు ముడేసుకుని మెట్లు దిగారు. మోకాళ్లు, నడుము, భుజాలు. తరవాత పక్కనున్న ఇనుప కడ్డీ వదిలేశారు.

మా ఆయన చెప్పులతోనే రెండు మెట్లు దిగి ఆగిపోయారు. ఆయనకు ఈత రాదు. నాకు వచ్చిన ఈత నన్ను నేను కాపాడుకోవడానికే బొటాబొటి. ఇద్దరం చేతులు చాచి నిలబడ్డాం. అత్తయ్య మాత్రం మునగలేదు. తల పైకెత్తి, చెవులు తడవకుండా, కప్పలా కాళ్లు తన్నుతూ, తొందరేమీ లేకుండా వెళ్లిపోతున్నారు. అవతలి గట్టు పట్టుకుని, మా వైపు తిరిగి, ముఖం మీది నీళ్లు తుడుచుకున్నారు.

"అమ్మా, నీకు ఈత వచ్చా?"

"వచ్చు."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు పుట్టకముందు నుంచి."

తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాక చెప్పారు. చిన్నప్పుడు వీపుకి ఎండు సొరకాయ బుర్రలు కట్టి అన్నయ్యలు కాలవలో తోసేవారట. కొన్నాళ్లకు ఆ బుర్రలు విప్పేసి వాళ్లకంటే ముందు అవతలి గట్టుకు చేరేవారట. పెద్దమనిషి అయ్యాక నీళ్లలోకి దిగలేదు. అత్తారింటి వెనకే కాలవ ఉండేది. అన్నేళ్లలో ఒక్కసారి కూడా దిగలేదు.

"ఎవరైనా వద్దన్నారా అత్తయ్యా?" అని అడిగాను.

"ఎవరూ వద్దనలేదమ్మా. నీకు ఈత వచ్చా అని కూడా ఎవరూ అడగలేదు."

నేనూ అడగలేదు. ఇరవై ఏళ్లుగా ఆవిడ బీపీ మాత్రల గురించి, మోకాళ్ల గురించి, పప్పులో ఉప్పు గురించి అడిగాను. మా ఆయన మాత్రం గొంతు సవరించుకుని, మరి నాకు నేర్పలేదేమని నిష్ఠూరమాడారు.

"నీకా? తలంటు పోస్తే వీధి చివరిదాకా వినిపించేలా ఏడ్చేవాడివి."

ఎర్ర పువ్వుల ఆవిడ ఈదుకుంటూ వచ్చి, మీరు చాలా బాగా ఈదుతున్నారని అత్తయ్యతో అంది. ఇద్దరూ కలిసి మళ్లీ లోతులోకి వెళ్లారు. ఈవిడ తెలుగులోనూ ఆవిడ ఇంగ్లీషులోనూ ఏదో చెప్పుకుంటూ, నవ్వుకుంటూ నీళ్లలో వెల్లకిలా తేలారు. ఏం మాట్లాడుకున్నారని తరవాత అడిగితే, కోడళ్ల గురించి అన్నారు. ఎలా అర్థమైందని నేను అడగలేదు.

సాయంత్రం జనం పల్చబడ్డాక అత్తయ్య కొడుకును నీళ్లలోకి దింపారు. యాభైకి దగ్గరపడ్డ మనిషి, పొట్ట లోపలికి పీల్చి, కళ్లు గట్టిగా మూసుకుని వెల్లకిలా పడుకున్నారు. ఆవిడ తన అరచెయ్యి ఆయన వీపు కింద పెట్టారు. "కాళ్లు బిగబట్టకు. వదిలెయ్యరా. నేను పట్టుకున్నాగా" అని మళ్లీ మళ్లీ చెబుతున్నారు. కాసేపటికి చెయ్యి తీసేశారు. ఆయనకు తెలియదు. తేలుతూనే ఉన్నారు. అంతలో ఒక చేప వచ్చి మడమ కొరికింది. ఆయన దిగ్గున లేవబోయి మునిగి, గుక్కెడు నీళ్లు మింగి, దగ్గుతూ మెట్లెక్కారు. దగ్గు తగ్గాక, చేప లేకపోతే ఈత వచ్చేసేదని మాకు నచ్చజెప్పారు.

మర్నాడు ఇంకో రోజు ఉందామంటే చోటు లేదన్నారు. ఇంటికి తిరిగొస్తుంటే దారి పొడుగునా అత్తయ్య వెనక సీట్లో నిద్రపోయారు. జలుబు చేసింది. నేను చెప్పానా అని ఆయన అనబోతే, నేను పక్కకు తిరిగి ఒక చూపు చూశాను.

ప్లేనో రాగానే దగ్గర్లోని రిక్రియేషన్ సెంటర్‌ ఈతకొలనులో ఆవిడ పేరు నమోదు చేయించాను. ఆఫీసుకు వెళ్లే ముందు దింపేదాన్ని. మొదటి రోజు మాత్రం సెలవు పెట్టి నేనూ అక్కడే ఉన్నాను. అక్కడి నీళ్లు మందు వాసన వేస్తున్నాయని దిగగానే సణిగారు. లోతు వైపు వెళ్లాలంటే పరీక్ష పెట్టాలని లైఫ్‌గార్డ్ అమ్మాయి చెప్పింది. ఈవిడ ఆ చివరి నుంచి ఈ చివరికి ఈది, మళ్లీ వెనక్కి వెళ్లి, ఇంకోసారి కూడా చూపించాలా అని అడిగారు. ఆ అమ్మాయి ఈవిడ మణికట్టుకు ఆకుపచ్చ పట్టీ కట్టింది. తిరిగొస్తూ కరివేపాకు కోసం ఇండియన్ స్టోర్‌లో ఆగాం. బిల్లు వేసే అమ్మాయి ఆ పట్టీ చూసి, హాస్పిటల్ నుంచి వస్తున్నారా ఆంటీ, ఒంట్లో బాలేదా అని అడిగింది.

"లేదమ్మా. లోతు వైపు వెళ్లడానికి పర్మిషను" అన్నారు అత్తయ్య, చెయ్యి కౌంటర్ మీద పెట్టి.