ఆళ్ళగడ్డ నందికి నా ప్రదక్షిణ

హైదరాబాదులో కంప్యూటరు చదువు చదువుతున్న మా అమ్మాయి సుగుణ అడగబట్టే నేను ఆళ్ళగడ్డ బయలుదేరాను. ఒక బొమ్మ చుట్టూ తిరిగి ఫొటోలు తీస్తే, ఒక ఫొటోలో కనపడిన చెవి కొన పక్క ఫొటోలో ఎంత జరిగిందో లెక్కగట్టి, కంప్యూటరు ఆ బొమ్మ ఆకారాన్ని మళ్ళీ కడుతుందట! ఐదో తరగతి చదివిన నాకు ఎంత విన్నా ఆశ్చర్యం తీరలేదు. పరీక్షలో చూపించడానికి తనకు రాతి నంది కావాలి. ఫొటోలు చెడితే ఆ ఏడు చదువు పోయినట్టే.

పొద్దున్నే నంద్యాలలో ఎర్ర బస్సు ఎక్కాను. శిరివెళ్ళ మీదుగా గంటకు పైగా ప్రయాణం. టికెట్టు కంటే ఫిల్ముకే ఎక్కువైంది. పక్క సీట్లో కెమెరా సంచి చూసి "ఎవరన్నా వస్తాండారా పెద్దాయనా?" అన్నాడు కండక్టరు. "లేదప్పా, ఒక్కడినే" అన్నాను. మా ఆవిడ మరియమ్మ పోయి ఏడాది దాటినా, నేనింకా కిటికీ పక్క చోటు వదిలేసే కూర్చుంటున్నాను.

ఆళ్ళగడ్డలో శిల్పి ఓబులప్ప దగ్గరున్న నంది ఆ సాయంత్రమే లారీ ఎక్కుతుందట. ఫొటో అనగానే ఆయన ముచ్చటపడి దాని ఒళ్ళంతా నూనె రుద్దాడు. అబ్బ, ఎంత మెరిసిందో! మురిసిపోతూ కెమెరా ఎత్తాను. రెండడుగులు జరిగితే మెరుపూ నాతోపాటు జరిగింది. మెరుపు మచ్చలే ఇట్లా నడుస్తుంటే కంప్యూటరు దేన్ని పట్టుకుంటుంది?

"ఓబులప్పా, ఈ నూనె తీసెయ్యాలప్పా."

"ఏందీ! తలంటిన బిడ్డకు దుమ్ము పుయ్యమంటావా?"

గొణుగుతూనే తుడిచి, మెత్తటి రాతిపొడి అద్దాడు. నేను కొంచెం కొంచెం జరుగుతూ చుట్టూ తీశాను. నా పేరు దేవదానమని ముందే చెప్పానేమో, "చర్చికి పోయేటోడివి, నందికి ప్రదక్షిణ చేస్తాండావే!" అని పగలబడి నవ్వాడు. తర్వాత హోటల్లో ఒక్కడినే అన్నం తిని తిరుగు బస్సెక్కాను.

కొన్నాళ్ళకు హైదరాబాదు పోతే, నల్లటి తెర మీద పచ్చటి గీతలతో మా నంది! వెనకెట్లుందోనని లేచి పెట్టె వెనక్కి పోయాను. అన్నీ తీగలే.

"నాయనా, ఈడ నువ్వు తిరగబల్లే. అదే తిరుగుతాది" అంది సుగుణ, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వుతూ. మీట నొక్కింది. నంది తిరిగింది! నా బిడ్డ గెలిచింది! ఆ సంతోషం ఏమని చెప్పను!

మరియమ్మది మా ఇంట్లో ఒకటే ఫొటో ఉంది, ఎదురుగా తీసింది. ఒక్క ఫొటోతో కుదరదని ఇప్పుడు నాకు తెలుసు. ఆళ్ళగడ్డకు కెమెరా తీసుకుపోయేవాళ్ళు, నూనె రాయకముందే వద్దని చెప్పండి. ఫిల్ము మిగిలితే, మీతో వచ్చిన మనిషి చుట్టూ కూడా ఒకసారి తిరగండి.