అంకయ్య పప్పు మెచ్చుకున్న రోజు

పర్చూరు దగ్గర జిన్నింగు మిల్లులో అంకయ్య పనేమిటంటే, వచ్చిన పత్తికి వంకలు పెట్టడం. అవును, అదే ఉద్యోగం! పత్తి కుక్కిన గోనె బోరెంలో మోచేతిదాకా చెయ్యి దూర్చి, అడుగునుంచి గుప్పెడు తీసి, వెలుతురుకు పట్టి చూస్తాడు. ఎక్కడైనా కాస్త గోధుమరంగు మచ్చ కనిపించిందా, ఇక అంతే. "పురుగు పట్టిందిరా, పక్కన పడెయ్యండి!" అంటాడు. రైతులు మొత్తుకున్నా, గుమాస్తా బతిమాలినా ఆ మాట మారదు.

ఆ కన్ను మిల్లులోనే వదిలి వస్తే ఎంత బాగుండేది! ఇంటికి కూడా తెచ్చుకునేవాడు మహానుభావుడు. భార్య రాజ్యం ఏం వండినా ముద్ద మింగకముందే వంక సిద్ధం. పప్పు జారుగా ఉందంటాడు, చారులో ఘాటు లేదంటాడు. ఆదివారం చర్చి నుంచి ఇల్లు చేరేదాకా పాస్టరు ఏసుబాబుగారి ప్రసంగానికి వంకలు. రాజ్యం వినీ వినీ పట్టించుకోవడం మానేసింది.

అలాంటి మనిషికి ఈ వయసులో ప్రొస్టేట్ క్యాన్సర్ అన్నారు. గుంటూరు ఆస్పత్రిలో డాక్టర్ అనీస్‌గారు ధైర్యం చెప్పారు. "చిన్నదే పెద్దాయనా, నెమ్మదిగా పెరిగే రకంలానే ఉంది. పరీక్షకని గడ్డలోంచి తీసిన ముక్క మీద ఇంకో పరీక్ష చేయిద్దాం. అది కూడా బాగుంటే కోత అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉంటే చాలు. బాగోకపోతే అప్పుడు ఆపరేషనో, రేడియేషన్ కరెంటు పెట్టడమో ఆలోచిద్దాం."

పిలిచి చెప్పేదాకా ఆగితే ఆయన అంకయ్య ఎందుకవుతాడు? ల్యాబులో పనిచేసే మహిమ వాళ్ళ ఊరి పిల్లే. నాలుగు రోజులకే మళ్ళీ గుంటూరు వెళ్ళి, ఆ చనువుతో తిన్నగా ల్యాబులోకి దూరిపోయాడు.

"అయ్యో తాతయ్యా, ఇక్కడికి రాకూడదు! మీదే చూస్తున్నాం. రిపోర్టు డాక్టరుగారే చెప్తారు, బయట కూర్చోండి," అని నవ్వింది మహిమ.

అప్పటికే మైక్రోస్కోపు పక్కనున్న తెర మీద ఆయన చూడాల్సింది చూసేశాడు. గోధుమరంగు మచ్చలు! ఆ చివరనుంచి ఈ చివరదాకా. ఆ పిల్ల నవ్వు కూడా జాలి నవ్వే అనుకున్నాడు. బయట కూర్చోలేదు సరికదా, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కేశాడు.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిన్నాడు. పోయేవాడికి ఇంకా వంకలెందుకు అనిపించింది. "పప్పు బాగుందే," అన్నాడు.

రాజ్యం చేతిలో గరిటె ఆగిపోయింది.

మర్నాడు పచ్చడి బాగుందన్నాడు. ఆదివారం ప్రసంగం బాగుందని చెయ్యి పట్టుకుంటే పాస్టరుగారు హడలిపోయి, మధ్యాహ్నమే ఇంటికొచ్చి ప్రార్థన చేసి వెళ్ళారు. మిల్లులో ప్రతి బోరేన్నీ "బాగుంది, పంపించు" అంటుంటే ఓనరు దణ్ణం పెట్టి సెలవు తీసుకోమన్నాడు.

ఇక రాజ్యం వల్ల కాలేదు. "నిజం చెప్పండి. గుంటూరులో ఏమన్నారు?"

"అనేదేముందే, నా కంటితో నేనే చూశా. సరుకు పోయింది రాజ్యం. నిండా మచ్చ."

"డాక్టరు చెప్పాడా?"

"ఎవరో చెప్పాలా నాకు? ఇన్నేళ్ళబట్టీ చూస్తున్నా."

"మీరు చూసింది పత్తిని! లేవండి!" అంది రాజ్యం. కట్టుకున్న చీరతోనే ఆయన్ని గుంటూరు బస్సెక్కించింది.

అనీస్‌గారు అంతా విని నవ్వు ఆపుకోలేకపోయారు. "పెద్దాయనా, ఒంట్లో కణాలు అదుపు తప్పకుండా కాపలా కాసే ప్రొటీను ఒకటుంటుంది. క్యాన్సర్ ముక్కలో అది మిగిలుందా, పోయిందా అని మందు వేసి చూస్తాం. ఉన్నచోట గోధుమరంగు వస్తుంది. లేనిచోట రాదు. మీకు నిండా వచ్చింది."

"అంటే... మచ్చ ఉంటేనే మంచిదా?"

"మీ విషయంలో మంచిదే. ఇదొక్కటే చూసి చెప్పట్లేదు, రక్తపరీక్ష కూడా బాగుంది. ఇప్పటికి కోత వద్దు. ఆర్నెల్లకోసారి తప్పకుండా రండి, అవసరమైతే మళ్ళీ ముక్క తీసి చూద్దాం."

అంకయ్యకు ఒక్కసారిగా ఆకలేసింది. ఎగిరి గంతేసేవాడే, ఆస్పత్రి కాబట్టి ఆగాడు. మెట్ల దగ్గరికి వచ్చాక చూస్తే రాజ్యం మొహంలో నవ్వు లేదు.

"ఏమే, సంతోషం లేదా నీకు?"

"చచ్చిపోతాననుకుంటే గానీ నోట మంచి మాట రాదా మీకు?"

ఊళ్ళో ఎవరేమన్నా ఠక్కున జవాబు చెప్పే అంకయ్యకు సిగ్గేసింది.

"లోపల అనుకునేవాణ్ణే రాజ్యం. పైకి అనలేదు, అంతే."

"ఎప్పట్నించి?"

"నువ్వు కాపరానికొచ్చిన కాణ్ణించీ."

రాజ్యం ఆ మెట్ల మీదే కూలబడి, వచ్చేపోయే జనం చూస్తుండగా భోరున ఏడ్చేసింది. అంకయ్య కంగారుగా పక్కన కూర్చుని, "ఊరుకోవే, అందరూ చూస్తున్నారు," అన్నాడు.

"చూడనివ్వండి," అంది రాజ్యం కళ్ళు తుడుచుకోకుండానే. "ఇంకోసారి చెప్పండి."