నీడ వెంట కుండీలు

పక్కింటి అత్త పోయిందని మొన్న పొద్దున్నే ఆవిడ కూతురు మా తలుపు తట్టి చెప్పింది. నిద్రలోనే పోయిందట. వినగానే నాకు ముందు తోచింది, ఇవాళ కుండీలు ఎవరు జరుపుతారని. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా దీవి రేవుపేట జంగ్లీఘాట్‌లో మా రెండిళ్ళ మధ్య రెండు మంచాలంత పెరడు. అందులో చెట్టు లేదు, ఉన్నదల్లా గోడల నీడ. అక్కడే అత్త ఆంథూరియాలు, ఆర్కిడ్లు, ఫెర్నులు పెంచింది. వేసవిలో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియదు, బియ్యం కడిగిన నీళ్ళే వాటికి తీర్థం. ఎండ తగలకుండా ఒక్కో కుండీని గోనెపట్టా మీద పెట్టి నీడలోకి లాగేది. పొద్దున వంటింటి గోడ పక్కకి, మధ్యాహ్నం చూరు కిందికి, ఆ తర్వాత మా ప్రహరీ వారకి. భోజనం చేసి కునుకు తీస్తూ కిటికీలోంచి చూస్తే, కుండీలే మెల్లగా నడిచి వెళుతున్నట్టుండేది.

"రేవులో పాత వలలు బోలెడు పడున్నాయి, పైన కట్టేద్దాం అత్తా" అన్నానొకసారి.

"వద్దే. వల కింద మొక్కకి పొద్దే తెలీదు. నీడ నడుస్తాది, దాని ఎనకాల మనమూ నడవాల. బస్."

ఈ ఏడు ఆవిడ గుండె బలహీనపడింది. బరువులు ఎత్తొద్దు, లాగొద్దు అన్నాడు డాక్టరు. కూతురు పగలంతా ఉద్యోగంలో ఉంటుంది. మిడిల్ పాయింట్‌లో నా బట్టల కొట్టు నుంచి భోజనానికి వచ్చినప్పుడు నేను జరుపుతానని మాటిచ్చాను. ఒక రోజు బేరాలు తెమలక మరిచిపోయాను. మూడింటికి పరుగున వచ్చేసరికి అత్త కుండీల పక్కన పీట మీద కూర్చుని ఉంది. గొడుగు ఆంథూరియాలకు పట్టింది. తాను ఎండలో ఉంది.

నాకు కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. "ఏం పని అత్తా ఇది?"

"నానేటి ఎత్తనేదే. డాక్టరు బాబు ఎత్తొద్దన్నాడు గానీ కూకోవద్దన్నేదు కదా."

ఒక ఆకు అప్పటికే సగం మాడింది. తుంచబోతే చెయ్యి పట్టుకుంది. "ఉండనీ. ఆ పచ్చగున్న సగం ఇంకా మొక్కకి తిండెడతాది. వానలొచ్చాక తీద్దుం."

తర్వాత రెండు వారాలకే పోయింది. ఆనాటి ఎండే తీసుకుపోయిందేమోనన్న భయం నన్ను తినేసింది. దహనం అయ్యాక, నిన్న ఆమె కూతురితో అంతా చెప్పేశాను.

"నాకు తెలుసు దీదీ" అంది ఆ పిల్ల. "ఆ సాయంత్రమే చెప్పింది అమ్మ. శానా రోజులకి ఎండలో హాయిగా కూకున్నాను అంది. కుండీలన్నీ నీకే ఇమ్మంది. ఇంకెవరికీ జరపడం రాదంట."

ఇవాళ కొట్టు తియ్యలేదు. గోనెపట్టా పట్టుకుని పొద్దుతోపాటు పెరడంతా తిరిగాను. మా దీవుల్లో పొద్దు తొందరగా వాలుతుంది. అయిదు దాటేసరికి ప్రహరీ నీడ పెరడంతా పరుచుకుంది. కుండీల మీద, పీట మీద, నా మీద. ఇక జరపాల్సింది ఒక్కటీ లేదు. చేతులకు ఏం చెయ్యాలో తెలియక, అలాగే కూర్చున్నాను.