పాలవ్వ దోమలు, నా పొదుపు

ఆ రోజుల్లో సికింద్రాబాదులో కంప్యూటరు కోర్సు చెయ్యని కుర్రాణ్ణి జనం జాలిగా చూసేవాళ్ళు. శ్రీకాకుళం నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో పిన్ని ఇంట్లో మకాం వేసిన నేను, దోమల మీద పరిశోధన చేసే ల్యాబులో చేరాను. ఎవరైనా అడిగితే పిన్ని "సైంటిస్టు" అని చెప్పి, వెంటనే కాఫీ వంకతో వంటింట్లోకి తప్పుకునేది (దేంట్లో సైంటిస్టో చెప్పాల్సి వస్తుందని).

నా మొదటి పని బొల్లారంలో ఒక గేదెల కొట్టంలో పట్టిన పన్నెండు దోమల జాతి తేల్చడం. అచ్చం ఒకేలా ఉండే రెండు జాతులున్నాయి. ఒకటి పశువుల్ని కుట్టి ఊరుకుంటుంది, రెండోది మనుషులకి మలేరియా అంటిస్తుంది. భూతద్దానికి దొరకని ఆ తేడా డీఎన్‌ఏ పరీక్షలో తెలుస్తుంది, మలేరియా జాతికి మాత్రమే గీత వస్తుంది. కొట్టం యజమానురాలికి (మేం పాలవ్వ అనేవాళ్ళం) ఇది బతుకుతెరువు సమస్య. మలేరియా అక్కణ్ణుంచే వస్తోందని, గేదెల్ని తీసేయమని చుట్టూ లేచిన కొత్త అపార్టుమెంట్లవాళ్ళు పట్టుబట్టారు.

"జెర మంచిగ చూడు బిడ్డా. నా కొట్టంల దోమలు బర్లనే కుడ్తయి, మనుషుల జోలికి పోవు" అంది పాలవ్వ.

పరీక్షలో ద్రావణాన్ని చుక్కలుగా తీసే గొట్టానికి చివర ప్లాస్టిక్ టిప్పు ఉంటుంది. ఒక్కో ట్యూబుకీ కొత్త టిప్పు పెట్టి, పాతది పారేయాలి. నేనేమో కొబ్బరినూనె సీసాని ఆఖరి బొట్టు దాకా బోర్లించే ఇంట్లో పెరిగినవాణ్ణి. నిగనిగలాడే కొత్త టిప్పుని ఒక్క చుక్కకే పారేయడానికి నాకు చేతులు రాలేదు. నీళ్ళలో జాడించుకుంటూ ఒక్కదానితోనే పని కానిచ్చాను. అదీ, పోల్చుకోడానికి పెట్టుకున్న అసలు మలేరియా జాతి నమూనాలో మొదట ముంచి.

పన్నెండింటికి పన్నెండూ మలేరియా జాతే అని తేలాయి. ఉత్సాహం ఆపుకోలేక ఆ మధ్యాహ్నమే వెళ్ళి పాలవ్వకి చెప్పేశాను. ఆవిడ గేదెల బేరగాడికి కబురు పెట్టింది. మర్నాడు రిపోర్టు చూసిన మా ల్యాబు పెద్దమేడం పదమూడో ట్యూబు మీద వేలుపెట్టారు.

"ఇందులో ఏ దోమ ఏసినవ్?"

"దోమ లేదండీ, ఉత్త నీళ్ళు" అన్నాను (పొరపాటు జరిగితే పట్టుకోడానికే ఆ నీళ్ళ ట్యూబు).

"గీత వచ్చింది చూడు. నీళ్ళు సుత మలేరియా దోమేనా?"

నా టిప్పు సంగతి బయటపడింది. ఎంత జాడించినా దానికి అంటుకున్న మలేరియా నమూనా అన్ని ట్యూబుల్లోకీ చేరిందన్నమాట. సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే బస్సెక్కి బొల్లారం వెళ్ళేసరికి బేరగాడు గేదె పళ్ళు చూస్తున్నాడు. "తప్పు నాదే అవ్వా, అమ్మకండి. మళ్ళీ చేస్తాను" అన్నాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ గేదె మెడ మీద చెయ్యివేసి, "జల్ది చెయ్యి బిడ్డా, పరేషాన్ల ఉన్న" అంది, అంతే.

ఈసారి ట్యూబుకో టిప్పు, గుండె రాయి చేసుకుని పారేశాను. నీళ్ళలో గీత రాలేదు. పన్నెండూ పశువుల్ని కుట్టే జాతే. చెబితే పాలవ్వ ఏమీ ఆశ్చర్యపోలేదు. "నేను ముందుగాలనే చెప్పిన కద" అని చెంబెడు పాలు ఇచ్చింది. అంత రుచైన పాలు మళ్ళీ తాగలేదు.

తర్వాత ఎందరో కుర్రాళ్ళకి ఆ పని నేర్పాను. టిప్పు మార్చకపోతే కేకలేస్తాను, పొదుపు ఇంటి దగ్గర చూపించండంటాను. ఆనాటి టిప్పు మాత్రం నా బీరువాలో అగ్గిపెట్టెలో భద్రంగా ఉంది. పారేద్దామని ఎన్నిసార్లు తీశానో, ఇప్పటికీ చేతులు రావు.