మగపెళ్లివారికి ప్రత్యేక కనెక్షన్

మా అక్క పెళ్లిలో మగపెళ్లివారిని ఆకలితో నిలబెట్టిన ఘనత నాది. వంటవాళ్ల తప్పేమీ లేదు. బగారా అన్నం ఉంది, మటన్ ఉంది, ఆకలి అయితే కావలసినంత ఉంది. లేనిదల్లా డేటాబేస్ కనెక్షన్. అన్నానికీ డేటాబేస్‌కూ ఏం సంబంధమంటారా? ఆ రోజు కామారెడ్డి ఫంక్షన్ హాల్లో అందరూ నన్ను అదే అడిగారు.

అప్పుడే ఇంజనీరింగ్ పూర్తిచేసిన నాకు, భోజనాల దగ్గర తోపులాట అనాగరికంగా తోచింది. గుమ్మం దగ్గర ఒక ట్యాబ్ పెట్టాను. శుభలేఖ మీది క్యూఆర్ కోడ్ చూపిస్తే కుర్చీ నంబరుతో స్లిప్ వస్తుంది. స్లిప్ లేనివాళ్లను లోపలికి పంపొద్దని గట్టిగా చెప్పి మరీ కాపలా పెట్టాను.

నంబరు తేవాలంటే ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడాలి. ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరిస్తే ఆలస్యం. అందుకని ఓ ఇరవై ముందే తెరిచి ఉంచుతారు. ఒకటి తీసుకోవాలి, పని చేసుకోవాలి, తిరిగి ఇచ్చెయ్యాలి. పూలింగ్ అంటే ఇంతే. ఇంత చిన్న సంగతిని చెడగొట్టాలంటే తెలివి ఉండాలి, నాకది పుష్కలంగా ఉండేది.

ముందురోజు అక్క నన్ను పక్కకు పిలిచింది.

"తమ్మీ, ఎల్లారెడ్డి నుంచి మా అత్తగారోళ్లు వస్తరు. మర్యాదల జరంత తక్కువైనా నన్ను జిందగీ అంతా అంటరు."

"ఫికర్ చెయ్యకక్కా. ప్రోగ్రాంలనే మర్యాద పెట్టిన."

నిజంగానే పెట్టాను. మగపెళ్లివారు తీసుకున్న కనెక్షన్‌ను వెనక్కి తీసుకునే లైను చెరిపేశాను. స్వీటు కోసం మళ్లీ వస్తే వాళ్లు ఆగకూడదు కదా. అయినా మగపెళ్లివారి చేతిలోది లాక్కోవడానికి నేనెవరిని?

ఎల్లారెడ్డి బస్సు వచ్చింది. ముందు పిల్లలు, వాళ్ల వెనక మేనత్తలు లోపలికి వెళ్లారు. వాళ్లతోపాటే నా ఇరవై కనెక్షన్లూ వెళ్లిపోయాయి. సరిగ్గా అప్పుడు పెళ్లికొడుకు పెదనాన్న, మిగతా పెద్దలను వెంటబెట్టుకుని వచ్చి కోడ్ చూపించారు. తెరమీద చక్రం తిరగడం మొదలుపెట్టింది.

"ఏందిది అల్లుడా, తిరుగుతనే ఉన్నది?"

"మీ కోసం వెతుకుతున్నది మామా."

"నేను ఈడనే ఉన్న గదా."

మా బాపు చెమటలు తుడుచుకుంటూ పరుగున వచ్చాడు.

"ఏమైందిరా?"

"కనెక్షన్లు అయిపోయినయ్ బాపు."

"అయిపోతే తెప్పియ్యరాదు?"

తెప్పించాను. ఇరవైని రెండు వందలు చేశాను. డేటాబేస్ ఉన్నది నా పాత ల్యాప్‌టాప్‌లో. అంతమంది ఒకేసారి మీదపడేసరికి అది ఎవ్వరినీ రానివ్వనని మొండికేసింది. వెనక నుంచి ఎవరో "బస్సు తియ్యమను, పోదాం" అన్నారు. పీటల మీద నుంచి అక్క నావైపు చూసింది. ఆ కళ్లలో నీళ్లు చూసి నా ప్రాణం చచ్చిపోయింది.

పెళ్లికొడుకు పెదనాన్న చేతులు పట్టుకున్నాను. "తప్పు నాదే మామా. మీవోళ్లకిచ్చింది వాపస్ తీసుకుంటే మర్యాద కాదని తీసుకోలె. ముందు పోయినోళ్లే అన్నీ పట్టుకొని కూసున్నరు."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. లోపలి నుంచి వస్తున్న మటన్ వాసన ఓసారి పీల్చారు.

"అల్లుడా, బాగ ఆకలైతుంది. ఆ మర్యాద జర తగ్గియ్యి."

ట్యాబ్ మూసేసి తలుపులు బార్లా తీశాను. మగపెళ్లివారు కడుపునిండా తిన్నారు, అక్క నవ్వింది. నేను మాత్రం ఖాళీ అయిన మటన్ గిన్నె సాక్షిగా ప్రమాణం చేశాను: ఇకపై నా ప్రోగ్రాంలో పెళ్లికొడుకైనా సరే, పని కాగానే కనెక్షన్ అక్కడ పెట్టి నడవాల్సిందే. అలిగితే అలగనీ.